విదేశాల్లో వీధి ఫొటోలు: అడిగి తియ్యాలా, తీశాక అడగాలా?

బనశంకరి_రఘు
పోయిన నెల వియత్నాం రాజధాని హనోయి వెళ్ళొచ్చాను. నా మొదటి విదేశీ ప్రయాణం. ఆరు రోజుల్లో 1,400 ఫ్రేములు తీశాను. ఇంటికొచ్చి ఒక్కొక్కటీ చూసుకుంటూ ఒక చోట ఆగిపోయాను.

అక్కడి పాత పేట, ఓల్డ్ క్వార్టర్‌లో పొద్దున ఆరున్నర. ఒకావిడ భుజాన కావడి వేసుకుని, రెండు తట్టల్లో పళ్ళు పెట్టుకుని గబగబా నడుస్తోంది. నెత్తిన ఆకుల టోపీ. రోడ్డుకి ఇవతల నుంచి 35 ఎం.ఎం. లెన్స్‌తో రెండు ఫ్రేములు తీశాను. మొదటిదాంట్లో అన్నీ కుదిరాయి. వెనక పసుపు గోడ, పక్క నుంచి వెలుగు, గాల్లో ఉన్న పాదం. రెండోదాంట్లో ఆవిడ నన్ను చూసేసింది. చేత్తో టోపీ అంచు కిందికి లాక్కుని మొహం దాచుకుంది.

ఆ క్షణంలో నాకు తోచలేదు. పక్క సందులోకి వెళ్ళి ఇంకో ఇరవై ఫొటోలు తీశాను. ఇప్పుడు చూపించిన ప్రతివాళ్ళూ మొదటి ఫొటో భలే ఉంది, పెట్టెయ్యి అంటున్నారు. నాకు మాత్రం టోపీ లాక్కున్న ఆ చెయ్యే కనిపిస్తోంది. బయట దేశాల్లో మీరంతా ఎలా తీస్తారు? అడుగుతారా? అడిగితే ఆ నడక ఉండదు కదా?

కిట్టు_కోరమంగళ
పబ్లిక్ రోడ్డు. తియ్యొచ్చు. దీనికి అంత టెన్షన్ ఎందుకన్నా?

మాధవి_వకీలు
కిట్టూ, పబ్లిక్ రోడ్డు అన్న మాట అన్ని దేశాల్లోనూ ఒకేలా పనికిరాదు. అమెరికాలో దాదాపు నువ్వన్నట్టే. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో నడిచి వెళ్తున్న ఒకాయన్ని ఫిలిప్ లోర్కా డికోర్షియా అనే ఫొటోగ్రాఫర్ చెప్పకుండా తీసి గ్యాలరీలో పెట్టాడు. ఆ నడిచి వెళ్ళినాయన కోర్టుకెళ్ళాడు. అది కళ కిందికి వస్తుందని 2006లో కోర్టు కేసు కొట్టేసింది.

అదే కెనడాలోని క్యూబెక్‌కి వెళ్తే కథ మారిపోతుంది. మాంట్రియల్‌లో ఒక భవనం మెట్ల మీద కూర్చున్న 17 ఏళ్ళ అమ్మాయిని చెప్పకుండా తీసి ఓ పత్రికలో వేశారు. అందులో అవమానకరంగా ఏమీ లేదు, ఊరికే కూర్చుని ఉంది. 1998లో కెనడా సుప్రీంకోర్టు ఆ అమ్మాయి పక్షానే నిలబడి 2,000 డాలర్లు ఇప్పించింది.

జర్మనీలో మనిషి ఫొటో బయటపెట్టాలంటే ఆ మనిషి ఒప్పుకోవాలన్న చట్టం 1907 నుంచే ఉంది. జనం గుంపులకీ, దృశ్యంలో మనుషులు ఓ మూల పడ్డ ఫొటోలకీ మినహాయింపులున్నాయి. హంగరీ ఇంకో అడుగు ముందుకెళ్ళింది. 2014 నుంచి పెట్టడానికే కాదు, తియ్యడానికీ ఒప్పుకోలు కావాలి.

రఘు గారూ, మీకు సంబంధించింది వియత్నాం. వాళ్ళ 2015 సివిల్ కోడ్ 32వ ఆర్టికల్ మనిషికి తన బొమ్మ మీద హక్కు ఇస్తుంది. ఇంకొకరు వాడుకోవాలంటే ఆ మనిషి ఒప్పుకోవాలి. కాబట్టి తియ్యడం ఒక ప్రశ్న, పెట్టడం ఇంకో ప్రశ్న. రెండూ కలిపేస్తే చర్చ తేలదు.

కిట్టు_కోరమంగళ
క్యూబెక్ సంగతి నాకు తెలీదు మాధవక్కా. మెట్ల మీద ఊరికే కూర్చుంటే కూడానా!

సల్మా_ఫ్రేజర్‌టౌన్
నేను నాలుగేళ్ళు దుబాయ్‌లో ఉన్నాను. అక్కడికి వెళ్ళేవాళ్ళకి ముందే చెప్తున్నా. 2021 నాటి సైబర్ నేరాల చట్టం ప్రకారం, ఒప్పుకోకుండా ఒకరి ఫొటో తీసి వాళ్ళ ప్రైవసీకి భంగం కలిగిస్తే కనీసం ఆర్నెల్ల జైలు, లేదంటే లక్షన్నర నుంచి ఐదు లక్షల దిర్హాముల జరిమానా, లేదా రెండూ.

దేరా రేవు దగ్గర సాయంత్రం పడవలు తీస్తున్నా. ఫ్రేములో ఒక కుటుంబం పడింది. నేను గమనించలేదు. ఆ ఇంటాయన వచ్చి చాలా మర్యాదగా, "సోదరీ, మా వాళ్ళున్నారు, తీసెయ్యగలరా?" అన్నాడు. ఆయన ముందే డిలీట్ చేసి, చెత్తబుట్ట ఫోల్డర్ కూడా ఖాళీ చేసి చూపించాను. ఆయన థాంక్స్ చెప్పి, పడవలకి వెలుగు ఎక్కడ బాగుంటుందో చూపించి వెళ్ళాడు. ఎవరైనా తీసెయ్యమంటే నేను వాదనకి దిగను. ఏ దేశమైనా సరే.

నీడవెలుగు
మాధవి గారి చట్టాలు సరే, తెలుసుకోవాలి. కానీ నేను వేరే మాట చెప్తా. అడిగిన క్షణాన ఆ ఫొటో పోయింది. మనిషి నిటారుగా నిలబడతాడు, జుట్టు సర్దుకుంటాడు, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక ఇబ్బంది పడతాడు. అది పోర్ట్రెయిట్. మంచిదే, కానీ వీధి ఫొటో కాదు. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ కార్టియే బ్రెసన్ తన లైకా కెమెరా మీద మెరిసే భాగాలు కనపడకుండా నల్ల టేపు అంటించుకునేవాడు. ఎందుకు? ఎదుటి మనిషి ఎలా ఉన్నాడో అలాగే ఉండాలని. అలాంటి ఫొటోగ్రాఫర్లంతా అడిగి తీసుంటే పారిస్ వీధులు ఎలా ఉండేవో, మన దేశంలో విభజన నాటి జనం ఎలా ఉన్నారో మనకి తెలిసేదే కాదు.

రఘూ, మొదటి ఫ్రేము నిజాయితీగా తీసిన ఫొటో. ఉంచుకో.

గాంధీబజార్_సుమ
నీడవెలుగు గారూ, టేపు అంటించుకున్న మనిషి సంగతి చెప్పారు. కెమెరాకి అవతల నిలబడ్డ నా సంగతి వినండి.

రెండేళ్ళ కింద వరలక్ష్మీ వ్రతం ముందురోజు మన బెంగళూరు కె.ఆర్. మార్కెట్‌లో పూలు కొంటున్నాను. విపరీతమైన రద్దీ. చెమట, చెదిరిన జుట్టు, చంకలో అరటి పిలకలు, కొంగు నడుముకి దోపుకుని మూర మల్లెపూల కోసం బేరమాడుతున్నా. పై అంతస్తు నుంచి ఒక విదేశీయుడు పొడుగాటి జూమ్ లెన్స్ నా మీద పెట్టాడు. నేను చూశాక కూడా దించలేదు. ఇంకో మూడు తీశాడు. అతను చెడ్డవాడని అనను. రంగులు బాగున్నాయని తీసుంటాడు. కానీ ఆ రోజంతా నాకు ఒంటికి ఏదో అంటుకున్నట్టే ఉంది.

అతను అడిగుంటే ఒప్పుకునేదాన్నేమో. జుట్టు సర్దుకుని ఒప్పుకునేదాన్ని. ఆ సర్దుకునే హక్కు నాది.

కిట్టు_కోరమంగళ
ఇది నేను ఎప్పుడూ ఇటు వైపు నుంచి ఆలోచించలేదు సుమక్కా.

పాతరీలు
నేనూ మార్కెట్‌లో 20 ఏళ్ళుగా తీస్తున్నాను. ఆ పై అంతస్తు నుంచి నేనూ తీశాను, మెట్ల మీద నుంచి పొద్దుటి వెలుగు పూల కుప్పల మీద పడేటప్పుడు. సుమ గారు చెప్పింది చదివాక ఇందాకటి నుంచీ అదే ఆలోచన.

దూరం గురించి ఒక్క మాట. 28, 35 ఎం.ఎం. లెన్స్ పెట్టుకుంటే ఏడెనిమిది అడుగుల దూరంలోకి వెళ్ళాలి. నీ మొహం వాళ్ళకి కనిపిస్తుంది. కోపం వస్తే తిడతారు, నచ్చితే నవ్వుతారు, రెండూ నీకు తగుల్తాయి. 200 ఎం.ఎం. జూమ్‌తో మేడ మీది నుంచి తీస్తే నీకేమీ తగలదు. ఈ తేడా దేశం మారినా మారదు. కొత్తవాళ్ళకి నేను జూమ్ ఇంట్లో పెట్టి రమ్మనే చెప్తాను. అపర్చర్, అంటే లెన్స్ తెరుచుకునే రంధ్రం, ఎఫ్ 8, షట్టర్ సెకనులో 250వ వంతు, ఫోకస్ ముందే ఎనిమిది అడుగుల దగ్గర లాక్. కెమెరా ఛాతీ దగ్గర కనపడేలా వేలాడాలి. దాచుకుని తీసే పని నాకు నచ్చదు.

ఐటీపీఎల్_వంశీ
జపాన్ గురించి రాయలేదెవరూ. ప్రాజెక్ట్ పని మీద మూడు నెలలు ఓసాకాలో ఉన్నా. అక్కడ అమ్మే ఫోన్లలో షట్టర్ చప్పుడు ఆపలేం. సైలెంట్‌లో పెట్టినా మోగుతుంది. రైళ్ళలో ఆడవాళ్ళని దొంగచాటుగా తియ్యకుండా కంపెనీలు పెట్టుకున్న పద్ధతి అది.

క్యోటోలో గియోన్ అనే పేట ఉంది, గెయికోలు (సంప్రదాయ ఆటపాటల కళాకారిణులు), మైకోలు (ఆ విద్య నేర్చుకునే అమ్మాయిలు) పనికి వెళ్ళే దారి. టూరిస్టులు వెంటపడి కిమోనోలు లాగుతుంటే, విసిగిపోయిన అక్కడివాళ్ళు 2019లో ప్రైవేట్ సందుల్లో ఫొటోలు తీస్తే 10,000 యెన్‌లు అని బోర్డులు పెట్టారు. 2024లో ఆ సందుల్లోకే టూరిస్టుల్ని రానివ్వడం మానేశారు. పెద్ద వీధిలో మాత్రం నడవొచ్చు. నేను వెళ్ళినప్పుడు సాయంత్రం ఒక మైకో తల దించుకుని చిన్న చిన్న అడుగులతో దాదాపు పరిగెత్తుతోంది, ముప్ఫై ఫోన్లు ఆమె వెనక. నా ఫోనూ పైకి లేచింది. దించేశాను.

నీడవెలుగు
వంశీ చెప్పింది వేట. నేను వేటని సమర్థించడం లేదు. ఒక మనిషి వెనక పరిగెత్తడం వేరు, వీధిలో నడుస్తూ కంటికి కనిపించింది తియ్యడం వేరు.

గాంధీబజార్_సుమ
తీసేవాళ్ళకి వేరు. అవతల ఉన్నవాళ్ళకి ఆ తేడా ఎలా తెలుస్తుంది?

వైట్‌ఫీల్డ్_ప్రసాద్
పోయిన ఏడు మొరాకోలో మారకేష్ వెళ్ళాం. జెమా ఎల్ ఫ్నా మైదానంలో పాములవాళ్ళు, నీళ్ళు అమ్మే ఎర్ర బట్టలవాళ్ళు ఫొటో తీస్తే డబ్బులడుగుతారు. మా ఆవిడకి చిరాకేసింది. నాకు సబబుగానే అనిపించింది. అది వాళ్ళ పని. ముందే ఎంతో మాట్లాడుకుని తీశా. గొడవలేదు.

కిట్టు_కోరమంగళ
డబ్బులిస్తే అలవాటైపోయి అందరూ అడుగుతారంటారు కదా ప్రసాద్ గారూ?

వైట్‌ఫీల్డ్_ప్రసాద్
వేషం కట్టి నిలబడ్డవాళ్ళకి ఇస్తా. దారినపోయేవాళ్ళ చేతిలో డబ్బు పెట్టను, వాళ్ళ దగ్గర ఏదైనా కొంటాను. రఘు గారు ఆవిడ దగ్గర పళ్ళు కొనుంటే కథ ఇంకోలా ఉండేది.

బనశంకరి_రఘు
అవును ప్రసాద్ గారూ. అదే రోజు పదింటికి హోటల్ పక్క షాపులో అవే పళ్ళు కొన్నాను.

సల్మా_ఫ్రేజర్‌టౌన్
చిన్నపిల్లల్ని మాత్రం పెద్దవాళ్ళు తలూపకుండా తియ్యొద్దు. దీనికి దేశాల వారీ చర్చ అవసరం లేదనుకుంటా.

ఐటీపీఎల్_వంశీ
అవును.

నీడవెలుగు
దీంట్లో నాకూ రెండో మాట లేదు.

లావణ్య_మల్లేశ్వరం
నేను అడిగే తీస్తాను. ఎలా అడుగుతానో చెప్తా, పనికొస్తుందేమో.

ముందు ఆ ఊరి భాషలో రెండు మాటలు నేర్చుకుంటా. వియత్నాంలో అయితే సిన్ చావో, కామ్ అన్. నమస్కారం, థాంక్స్. చుట్టుపక్కల కాసేపు తిరుగుతా, టీ తాగుతా. తర్వాత కెమెరా కొంచెం పైకెత్తి కనుబొమలు ఎగరేస్తా. తల అడ్డంగా ఊపితే నవ్వి వెళ్ళిపోతా. ఒప్పుకుంటే మొదట ఒకటి తీస్తా, అది వాళ్ళ కోసం. నిటారుగా నిలబడి, చొక్కా సర్దుకున్న ఫొటో. తర్వాత అక్కడే ఉంటా. అయిదు నిమిషాల్లో మళ్ళీ పనిలో పడిపోతారు. అప్పుడు తీసేవి నా కోసం. నీడవెలుగు గారు పోతుందన్న నడక మళ్ళీ వస్తుందండీ. కొంచెం ఆలస్యంగా వస్తుంది, అంతే.

ఇంకోటి. సంచిలో ఎప్పుడూ చిన్న ఇన్‌స్టాక్స్, అంటే తియ్యగానే ప్రింట్ ఇచ్చే కెమెరా, ఉంటుంది. పెద్ద కెమెరాతో తీశాక దాంతో ఒకటి తీసి అక్కడికక్కడే ఇస్తా. ఆ ప్రింట్ అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, బొమ్మ 62 ఇంటూ 46 ఎం.ఎం. కొలంబోలో ఒక చేపలమ్మావిడ ఆ కాగితాన్ని జాకెట్టు లోపల వెచ్చగా పెట్టుకుని, బొమ్మ రాగానే పక్కవాళ్ళందర్నీ పిలిచింది. ప్యాకెట్‌కి పదే వస్తాయి, ఖర్చే. ఫిల్ము చెక్ ఇన్ లగేజీలో వెయ్యకండి, చేతి సంచిలోనే పెట్టుకోండి.

మాధవి_వకీలు
శ్రీలంక అన్నారు కాబట్టి వెళ్ళేవాళ్ళకి ఒక మాట. బుద్ధ విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీలు వద్దు. 2012లో విగ్రహాన్ని ముద్దుపెట్టుకుంటున్నట్టు ఫొటోలు దిగిన ఫ్రెంచ్ టూరిస్టులకి గాలె కోర్టులో శిక్ష పడింది, అమలు నిలిపారు గానీ. ప్రింట్లు వెయ్యడానికిస్తే స్టూడియోవాళ్ళే చూసి పోలీసులకి చెప్పారు.

హిందూపురం_శీన
నేను ఇక్కడ చదవడమే గానీ రాయను. ఫొటోలు తియ్యడం నేర్చుకుంటున్నా. ప్రింట్ చేతికివ్వడం గురించి లావణ్యక్క రాసింది చూసి రాస్తున్నా.

మా నాయన ఏటా కార్తీక మాసం ఆఖరి సోమవారానికి బసవనగుడి కడలెకాయి పరిషెకి, అంటే వేరుశనగ కాయల జాతరకి, చెనక్కాయలు తెచ్చేవాడు. హిందూపురం పక్క పల్లె మాది. రెండు రోజుల ముందే వచ్చి చోటు పట్టుకునేవాడు. నేను ఏడో తరగతి నుంచి ఆయనతో వచ్చేవాణ్ణి. కుప్ప పక్కన గోనెపట్ట మీద కూర్చుని ఇనప శేరుతో కొలిచేవాడు. కొలిచినాక ప్రతిసారీ గుప్పెడు పైన వేసేవాడు, కొసరు.

ఆయన్ని ఎంతమంది ఫొటోలు తీశారో లెక్కలేదు. తెల్లవాళ్ళు, ఈ ఊరివాళ్ళు, కాలేజీ పిల్లలు. మా నాయన పెద్ద మీసం మనిషి, ఆకుపచ్చ తలగుడ్డ కట్టేవాడు. కెమెరా చూస్తే నవ్వేవాడు కాదు, కానీ మీసం ఒకసారి తుడుచుకునేవాడు. ఫొటో తీసినోళ్ళకి కూడా గుప్పెడు కాయలు పెట్టేవాడు. ఎవరూ ఒక్క కాగితం ఇవ్వలేదు. ఆయన అడగలేదు. నాకు అడగాలని తెలీదు.

2015లో పోయాడు. ఇంట్లో ఉన్నది రేషన్ కార్డు ఫొటో ఒకటి. దాన్నే పెద్దది చేయించి దండ వేశాం. మొహం మొత్తం చుక్కలు చుక్కలుగా ఉంటుంది. మా అమ్మ దాన్ని చూసి ఇది ఆయన కాదు అంటుంది. ఎవరెవరి కంప్యూటర్లలోనో మా నాయన బాగా ఉన్నాడు. మా ఇంట్లోనే లేడు.

తియ్యొద్దని నేను అనను. ఆ తీసినవాళ్ళ మీద నాకు కోపం లేదు. తీసినవాళ్ళు ఒక కాపీ ఇచ్చుంటే బాగుండేది.

కిట్టు_కోరమంగళ
శీనన్నా.

గాంధీబజార్_సుమ
రెండుసార్లు చదివాను శీనా. నేను తియ్యొద్దనే వైపు నుంచే మాట్లాడుతూ వచ్చాను. ఇలా కూడా ఉంటుందని తట్టలేదు.

నీడవెలుగు
నా దగ్గర పరిషె ఫొటోలు మూడేళ్ళవి ఉన్నాయి. ఒక్కరికీ ప్రింట్ ఇవ్వలేదు. అడక్కుండా తియ్యడం మీద నా మాట మార్చుకోను. ఇవ్వకపోవడం మాత్రం తప్పే, ఒప్పుకుంటున్నా.

పాతరీలు
శీనా, నేను 2006 నుంచి ఒక్క పరిషె వదల్లేదు. మీ నాయన ఏ వైపు కూర్చునేవాడు? ఏ ఏళ్ళు?

హిందూపురం_శీన
బుల్ టెంపుల్ రోడ్డులో, రామకృష్ణ ఆశ్రమం వైపు వెళ్ళే దారిలో సారూ. చెట్టు కింద. 2008 నుంచి 2014 దాకా అదే చోటు. పక్కన నల్ల గొడుగు పెట్టేవాడు, వానొస్తే కాయలు తడవకుండా.

పాతరీలు
చాలు. రెండు మూడు రోజులు టైమివ్వు. హార్డ్ డిస్కులు పాతవి, ఒక్కొక్కటే తెరవాలి.

బనశంకరి_రఘు
అందరివీ చదివాను. మొదటి ప్రశ్నకి నేనొక నిర్ణయానికి వచ్చాను. టోపీ లాక్కున్నావిడ ఫొటోలు రెండూ తీసేశాను, బ్యాకప్‌లోంచి కూడా. నీడవెలుగు గారు మొదటిది ఉంచమన్నారు. కానీ ఆవిడ వద్దన్నది రెండో ఫ్రేము ఒక్కదాన్నే కాదు కదా. నాకు ఆలస్యంగా కనిపించింది, అంతే.

ఇంకో ఫొటో ఉంది. ఓ స్కూలు గోడకి అద్దం తగిలించి, ఫుట్‌పాత్ మీద కుర్చీ వేసుకుని క్షవరం చేసే పెద్దాయన. ఆయన్ని సైగతో అడిగాను, దువ్వెన ఊపుతూ తియ్యమన్నాడు. అద్దంలో ఆయన మొహం, కుర్చీలో మనిషి వీపు, గోడ మీద వేలాడే తువ్వాలు. ఆయనకి ప్రింట్ పంపాలని ఉంది. అడ్రసు లేదు. ఏం చెయ్యాలి?

ఐటీపీఎల్_వంశీ
ఫోన్‌తో కూడా తీశావా అక్కడ? ఫోన్ ఫొటోలో చోటు వివరాలు ఉంటాయి, లొకేషన్ ఆన్‌లో ఉంటే. మ్యాప్‌లో పెడితే సరిగ్గా ఆ గోడ దగ్గరికి తీసుకెళ్తుంది. ఒకటి గుర్తుంచుకో. బయట పెట్టేటప్పుడు ఆ వివరాలు తీసేసి పెట్టు, ఆయన ఎక్కడ కూర్చుంటాడో అందరికీ తెలియక్కర్లేదు.

బనశంకరి_రఘు
ఫోన్‌తో ఒకటి తీశా. చూశాను, ఉంది. హోన్ కీమ్ సరస్సు నుంచి నడిచి వెళ్ళే దూరం.

సల్మా_ఫ్రేజర్‌టౌన్
మా చెల్లి, వాళ్ళాయన వచ్చే నెల 9న హనోయి వెళ్తున్నారు. చోటు నాకు పంపు. కవరు ఇంటికి తెచ్చివ్వు, వాళ్ళ సూట్‌కేసులో పెడతా. అట్ట ముక్కల మధ్య పెట్టు, మడత పడకుండా.

లావణ్య_మల్లేశ్వరం
ఆరు బై ఎనిమిది, మ్యాట్ పేపరు వేయించు రఘూ. గోడకి తగిలించే మనిషైతే నిగనిగలాడే కాగితం ఎండకి మెరిసి బొమ్మ కనపడదు. రెండు కాపీలు. ఒకటి గోడకి, ఒకటి ఇంటికి.

బనశంకరి_రఘు
మూడు వేయిస్తున్నా. కుర్చీలో కూర్చున్న మనిషి కూడా ఆ పేటవాడేనేమో.

పాతరీలు
శీనా, 2009, 2011, 2012 చూశాను. ఆ దారిలో ఆకుపచ్చ తలగుడ్డవాళ్ళు నలుగురు దొరికారు. నీకు విడిగా పంపాను. చూసి చెప్పు. 2010 డిస్కు తెరుచుకోవడం లేదు, రిపేరుకిచ్చాను.

హిందూపురం_శీన
నాలుగూ చూశాను సారూ. మా నాయన లేడు. మూడోదాంట్లో అంచున నల్ల గొడుగు ఉంది, అది మాదే, కర్రకి ఎర్ర గుడ్డ కట్టుంది. ఆయన టీకి పోయుంటాడు.

రెండో ఫొటోలో తూకం వేస్తున్నాయన మా ఊరివాడు. ఆయనా లేడిప్పుడు. వాళ్ళింట్లో ఈ ఫొటో లేదు. వాళ్ళబ్బాయికి పంపొచ్చా?

పాతరీలు
పంపు. అది చిన్న సైజు, అసలు ఫైలు ఈ రాత్రికి పెడతా. ప్రింట్ నేనే వేయిస్తాను, అంచున గొడుగున్నది కూడా. ఆదివారం పొద్దున రాగలవా? 2010 డిస్కు శనివారానికి ఇస్తానన్నాడు.